శూన్యం అని నేను కొలిచిన కోచ్

బాస్కెట్‌బాల్‌లో కోచ్ విలువని అంకెల్లో కొలిచిన మొదటి మనిషిని ఈ దేశంలో నేనే. ఇప్పుడు కంప్యూటర్లు ముందేసుకుని అందరూ మొదలుపెడుతున్న పని, రాయ్‌పూర్ రైల్వే కాలనీలో, ఎర్రమొరం కోర్టు పక్కన, ఒక కాలు ఊగే బల్ల మీద, నేను డెబ్బైల్లోనే చేసేశాను.

దేశంలో మొదటివాణ్ణని నాకెవరూ కాగితం ఇవ్వలేదు. రాయ్‌పూర్‌లో మొదటివాణ్ణి అనుకోండి. పోనీ, మా కాలనీలో. మా కాలనీలో ఇంకెవరికీ ఆ అవసరం రాలేదు కాబట్టి ఆ మాట మటుకు ఖాయం. ఇంకో సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను, తరవాత చెప్పడానికి నోరు రాదు. అలా మొట్టమొదట కొలిచిన కోచ్‌కి నేను సున్నా వేశాను. నలభై ఏళ్ళలో నేను చూసిన కోచ్‌లందరిలోకీ గొప్పావిడకి.

స్కోరర్ల పరీక్ష రాసేవాళ్ళు అప్పుడప్పుడూ దేవేంద్ర నగర్‌లో మా ఇంటికొచ్చి నియమాలు అడుగుతుంటారు. నియమాలు పుస్తకంలో ఉన్నాయి, చదువుకోండి. పుస్తకంలో లేనిది ఇక్కడ రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించి రాయను. రెండే కాబట్టి పెద్ద నష్టం లేదు.

బల్ల వెనక కూర్చున్నవాడు

పగలు నా ఉద్యోగం ఆఫీసులో వేగన్ల లెక్క. ఎన్ని వచ్చాయి, ఎన్ని వెళ్ళాయి, ఎన్ని ఏ యార్డులో పడున్నాయి. సాయంత్రం నాలుగున్నరకి సైకిలెక్కితే కాలనీ క్లబ్బు కోర్టు. అక్కడ బుట్టల లెక్క. పేరు సత్యనారాయణ, అందరూ సత్యం బాబు అనేవారు. పిల్లలకి స్కోరర్ బాబాయ్‌ని.

స్కోరర్ పని బయటికి తేలిగ్గా కనిపిస్తుంది. ఎవరు బుట్ట వేశారో, ఎవరు ఫౌల్ చేశారో రాసుకోవడమే కదా అంటారు. మా క్లబ్బు షీటులో ఒక చిక్కుంది. ఒక్కో సగానికి ఇరవై నిమిషాలు. ఒక్కో నిమిషానికి ఒక గడి. ఆ నిమిషంలో మనవాళ్ళు వేసింది ఎడమవైపు, అవతలివాళ్ళు వేసింది కుడివైపు రాయాలి. టైమ్‌కీపర్ నిమిషం చెబుతుండాలి, స్కోరర్ వింటూ రాస్తుండాలి. ఇంకొకటి. బయట కూర్చున్న ఆటగత్తె లోపలికి వెళ్ళాలంటే ముందు స్కోరర్ బల్ల దగ్గరికొచ్చి చెప్పాలి. అందుకని మా బల్ల ఎప్పుడూ కోచ్ బెంచీకి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంటుంది. కోచ్ దగ్గితే మాకు వినిపిస్తుంది.

నా షీట్లు అందంగా ఉండేవి. కొట్టివేతలుండవు, దిద్దుబాట్లుండవు. భోపాల్ నుంచి వచ్చిన అంపైర్లు నా షీటుని పైకెత్తి కొత్తవాళ్ళకి చూపించేవారు. అంపైర్లు అన్నానా, ఒకాయన. ఆయన కూడా ఎత్తి చూపించింది ఎండకి అడ్డంగా కావచ్చు. అయినా షీటు అందంగా ఉన్నమాట నిజం. అంత అందం ఎలా వచ్చిందో తరవాత చెబుతాను.

సిస్టర్ కన్నా ముందు మా అమ్మాయిల జట్టుకి ఒక మాజీ సైనికుడు కోచ్. ఆయన అరిస్తే స్టేషన్లో కూలీలు తలెత్తి చూసేవారు. గెలిస్తే అందరూ వెళ్ళి ఆయన చెయ్యి ఊపేవారు, ఓడితే అమ్మాయిల్ని తిట్టేవారు. కోచ్‌ల గురించి అప్పట్లో మాకు తెలిసింది అంతే. గొంతు ఎంత, ఫలితం అంత.

సిస్టర్ సలోమి

ఆయన రిటైరయ్యాక కోచ్‌గా రావడానికి ఎవరూ ఒప్పుకోలేదు. జీతం లేని పని. అప్పుడు ఆసుపత్రి నర్సు సలోమి ముందుకొచ్చారు. గుంటూరు వైపు మిషన్ స్కూల్లో చదువుతున్నప్పుడు ఆడేవారట. సన్నటి మనిషి, కళ్ళజోడు, ముప్పై అయిదేళ్ళుంటాయి, గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. నాలుగింటికి డ్యూటీ దిగి, తెల్ల చీరతోనే వచ్చేసేవారు. రవిక మీద పిన్నుతో తలకిందులుగా వేలాడే చిన్న గడియారం అలాగే ఉండేది.

ఆవిడ రావడంతో ముందు జరిగిన మేలు, కోర్టుకొచ్చే అమ్మాయిలు రెట్టింపయ్యారు. నిక్కర్లు వేసుకుని పరిగెత్తే ఆటకి కూతుళ్ళని పంపడానికి జంకే తల్లులు, "సిస్టరమ్మ ఉంటాదిగదా" అని పంపేవారు. ఆవిడ లేకపోతే వాళ్ళు రారు. ఈ ముక్క గుర్తుంచుకోండి.

ఆవిడ పద్ధతి మాకెవరికీ అర్థం కాలేదు. బాగా ఆడుతున్న పిల్లని ఉన్నట్టుండి బయటికి పిలిచేవారు. పక్కన కూర్చోబెట్టి మణికట్టు పట్టుకునేవారు. తల వంచుకుని ఏదో గొణిగేవారు. కాసేపయ్యాక "దిగింది, వెళ్ళు" అనేవారు. ఆ పిల్ల లేచి మా బల్ల దగ్గరికొచ్చేది. ఒక్కోసారి "ఇంకా దిగలేదు" అని మళ్ళీ కూర్చోబెట్టేవారు.

ఆవిడ క్రైస్తవురాలు కాబట్టి ప్రార్థన చేస్తున్నారనుకున్నాం. బెంచీకి అంత దగ్గర కూర్చున్న నేను కూడా అలాగే అనుకున్నాను. నా కళ్ళు కోర్టు మీదుండాలి. బెంచీ వైపు కంటికొస మాత్రమే మిగిలేది. కంటికొసతో చూసి మనసులో పూర్తిచేసుకోవడం నాకు చిన్నప్పట్నుంచీ ఉన్న విద్య.

రామునాయుడి ఫిర్యాదు

మా జట్టులో అందరికన్నా ఎక్కువ బుట్టలు వేసే పిల్ల పైడితల్లి. పైడి అనేవాళ్ళం. నాన్న రామునాయుడు వర్క్‌షాపులో ఫిట్టరు, విజయనగరం పక్క మనిషి. కూతుర్ని ఎలాగైనా క్రీడల కోటాలో రైల్వే ఉద్యోగంలో చేర్చాలని ఆయన పట్టుదల. కోటాకి కావలసినవి రెండు. పేపర్లో పడేలా పాయింట్లు, ఆ తరవాత మెడికల్ పరీక్ష.

సిస్టర్ వచ్చిన ఏడాది పైడి పాయింట్లు తగ్గాయి. తగ్గక ఏమవుతాయి, మ్యాచ్‌లో సగంసేపు బెంచీ మీదే ఉంటే. మిగతా పిల్లల్ని రెండు నిమిషాలు కూర్చోబెడితే పైడిని అయిదు నిమిషాలు కూర్చోబెట్టేవారు.

రామునాయుడు క్లబ్బు సెక్రటరీ వర్మాజీ దగ్గరికి వెళ్ళాడు. నేనప్పుడు అక్కడే ఉన్నాను. వర్మాజీకి తెలుగు రాదు, రామునాయుడికి కోపం వస్తే హిందీ రాదు. మధ్యలో దుబాసీని నేను.

"నా గుంట ఏటి తప్పు సేసిందో అడుగు బాబూ," అన్నాడు. "ఆట మద్దిలో పిలిసీసి, సెయ్యి పట్టుకోని ఏటో సదువుతాది. ఏటది, మంత్రమా? దాని నోటికాడి ఉద్యోగం ఎల్లిపోతాది. ఆవిణ్ణి మార్చండి. నేదంటే నా గుంటని పంపను."

వర్మాజీ మంచివాడు, తొందరపడే మనిషి కాదు. సిస్టర్ని పిలిపించి అడిగాడు.

"సిస్టర్, యే ఆప్ హాథ్ పకడ్‌కర్ క్యా కర్తీ హైఁ?" చెయ్యి పట్టుకుని ఏం చేస్తుంటారని.

"గినతీ," అన్నారావిడ. లెక్కపెడుతున్నానని.

"కిస్ చీజ్ కీ?" దేన్ని అని.

"మేరా తరీకా హై, సర్." నా పద్ధతి అంతే అని ఊరుకున్నారు. ఆవిడ వెళ్ళిపోయాక వర్మాజీ నా వైపు తిరిగాడు. మాటలతో తేలదు సత్యం బాబూ, మీ దగ్గర రెండేళ్ళ షీట్లున్నాయి, ఈవిడ వచ్చాక జట్టుకి ఏం ఒరిగిందో అంకెల్లో తేల్చండి, వచ్చే ఆదివారం కమిటీలో పెడదాం అన్నాడు.

పిల్లలూ, నలభై ఏళ్ళలో నా లెక్కని ఒక మనిషి భవిష్యత్తు తేల్చడానికి అడగడం అదే మొదలు. నాకు ఒళ్ళు పొంగిపోయింది.

నా రిపోర్టు

రెండు సాయంత్రాలు కూర్చుని చేశాను. ముందు గెలుపులు చూశాను. సిస్టర్ వచ్చాక కాస్త పెరిగాయి. కానీ అమ్మాయిలు ఏడాది పెద్దవాళ్ళయ్యారు, ఎదురు జట్లలో ఇద్దరు గట్టివాళ్ళు పెళ్ళిళ్ళయి మానేశారు. ఆ పెరుగుదల సిస్టర్‌దని చెప్పలేం. ఇక్కడిదాకా నా లెక్క సరైనదే, ఇప్పటికీ దానికి కట్టుబడతాను. జట్టు గెలిస్తే కోచ్ గొప్పదనీ, ఓడితే చెడ్డదనీ అనకండి. ఎవరితో ఆడారు, ఎవరు లేరు, ఎవరు ఎదిగారు, అవన్నీ తీసేశాక మిగిలేదే కోచ్‌ది.

ఆ మిగిలేదాన్ని పట్టుకోవడానికి నాకు ఒక ఉపాయం తట్టింది. ఆవిడ చేసే ప్రత్యేకమైన పని ఆటగత్తెల్ని మార్చడం. ఆ మార్పుల ఫలితం ఉంటే నిమిషాల గడుల్లో కనిపించాలి. ఏ నిమిషాల్లో మనం ఎక్కువ వేస్తున్నాం, ఏ నిమిషాల్లో వాళ్ళు వేస్తున్నారు? ఇప్పటికీ ఆ ఆలోచనకి నేను టోపీ తీస్తాను.

గడుల్లో అంకెలన్నీ కూడి చూశాను. మొదటి అయిదు నిమిషాలు, నడిమి నిమిషాలు, చివరి అయిదు నిమిషాలు. ఎక్కడ చూసినా ఒకటే. మనవాళ్ళవీ సమానం, అవతలివాళ్ళవీ సమానం. ఆవిడ రాకముందూ అంతే, వచ్చాకా అంతే. మార్చినా మార్చకపోయినా ఒకటే అయితే మార్చడం దేనికి? కింద గీత గీసి హిందీలో రాశాను. కోచ్ ప్రభావం, శూన్యం.

అక్కడితో ఆగితే బాగుండేది. రిపోర్టు మరీ ఎండిపోయినట్టనిపించింది. కొంచెం పోపు పెట్టాలనిపించి ఇంకో వాక్యం చేర్చాను. "ముఖ్యమైన ఆటగత్తెని బయట కూర్చోబెట్టి 'దిగింది' అనడం స్కోరర్ స్వయంగా విన్నాడు, అనగా ఆమె పొగరు దిగిందని అర్థం."

నేను విన్నది ఒక్క "దిగింది". పొగరు నాది. సొంతంగా సమకూర్చాను.

వర్మాజీ శనివారం పొద్దున్న చదివాడు. వాహ్, అన్నాడు. ఆ ఒక్క వాహ్ కోసమే ఇదంతా.

"నాకు పొగరని రాసినావంట"

శనివారం సాయంత్రం పైడి వచ్చింది. వర్మాజీ చెప్పాడు కాబోలు, రామునాయుడి వల్ల సంగతి అప్పటికే కాలనీ అంతా పాకింది. కోర్టు పక్కన టీ బండి దగ్గర పోహా, మన అటుకుల ఉప్మాలాంటిది, తింటున్నాను. నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"బాబాయ్, నాకు పొగరని రాసినావంట."

"నేను రాయలేదమ్మా. సిస్టరు అన్నమాట రాశాను."

"ఏటన్నాది సిస్టరు?"

"దిగింది అంది."

"ఏటి దిగింది?"

ఆ పిల్ల నా మణికట్టు పట్టుకుంది. రెండు వేళ్ళు ఎక్కడ పెట్టాలో దానికి తెలుసు. "ఇది," అంది. "నాడి. సిస్టరు గడియారం సూసుకోని లెక్కెడతాది. పరిగెడితే ఎక్కుతాది గదా. దిగితే మళ్ళీ ఎల్లమంతాది. అందరికీ సూస్తాది, బయట సెప్పొద్దన్నాది. నీకు అగుపడనేదా, రోజూ పక్కనే కూకుంతావు?"

"మరి నిన్ను అంతసేపు..."

"నాది దిగదు బాబాయ్." గొంతు తగ్గించింది. "నాకు రక్తం తక్కువంట. సిస్టరు మాత్తర్లిస్తంది, తోటకూర తినమంతంది. మెడికల్ నాటికి బాగుసేస్తానన్నాది. ఎవురికీ సెప్పకు. అయ్యకసలు సెప్పకు."

టీ బండివాడు గ్లాసులు కడుగుతున్నాడు. నేను ప్లేటు బండి మీద పెట్టేశాను. ఏడాది పొడుగునా, చెయ్యి చాపితే అందే దూరంలో, పదిమంది పిల్లల గుండెల్ని ఒకావిడ వేళ్ళ కొసలతో లెక్కపెడుతూ ఉంటే, ప్రార్థన అనుకుని కూర్చున్నానన్నమాట. ఆ పిల్లలు ఎంతవరకు పరిగెత్తగలరో ఆవిడకి తెలుసు. వాళ్ళకే తెలియనిది ఆవిడకి తెలుసు.

అయితే అంత లెక్కకి ఫలితం లేకపోవడమేమిటి? అలిసినవాళ్ళని ఆపి, తేరుకున్నాక పంపిస్తుంటే, చివరి నిమిషాల్లో మనవాళ్ళు తాజాగా ఉండాలి కదా. నా గడుల్లో ఎందుకు కనిపించలేదు?

ఎందుకో నాకు వెంటనే తెలిసిపోయింది. తెలిసినా ఇంటికెళ్ళి షీట్లు పరిచి చూసుకున్నాను.

అందం ఎలా వచ్చిందంటే

చెబుతానన్నాను కదా. నిమిషం గడులు నేను మ్యాచ్ జరుగుతుండగా రాసేవాణ్ణి కాదు.

మా టైమ్‌కీపర్లు సగం మొదలైనప్పుడు ఒకసారి, ముగిసినప్పుడు ఒకసారి నోరు తెరిచేవారు. ప్రతి బుట్టకీ "ఎన్నో నిమిషం?" అని అడగడం నాకు నామోషీ. ఎవరు వేశారో, మొత్తం ఎంతో నిఖార్సుగా రాసేవాణ్ణి, అందులో తప్పు పట్టలేరు. మ్యాచ్ అయ్యాక ఇదే టీ బండి దగ్గర కూర్చుని మొత్తాన్ని ఇరవై గడుల్లోకి పంచేవాణ్ణి. ఇక్కడొకటి, అక్కడొకటి, పంక్తిలో అందరికీ సమంగా వడ్డించినట్టు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా షీటు బోసిపోయినట్టుండేది నాకు. అంపైరు మెచ్చుకున్న అందం అదీ.

అంటే నేను రెండేళ్ళు సమంగా పంచిపెట్టి, ఆ పంచిపెట్టినదాన్నే కూడి, అంతా సమంగా ఉందని కనిపెట్టాను. సిస్టర్ చేసిందేదైనా ఉంటే అది ఏ నిమిషంలో జరిగిందన్నదాంట్లోనే ఉంది. సరిగ్గా దాన్నే నేను నా చేత్తో చెరిపేశాను. ఇంకేదైనా తప్పు చేసి ఉంటే ఆవిడకి కొంత మిగిలేది. నా తప్పు మరీ నున్నగా ఉంది.

తప్పు రాసిన షీటు కన్నా నున్నగా రాసిన షీటు ప్రమాదం. తప్పులో ఏదో ఒక మూల నిజం బయటపడుతుంది. నునుపులో పడదు.

ఆసుపత్రి వరండాలో

ఆదివారం పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళాను. సిస్టర్ వరండాలో బ్యాండేజీ గుడ్డలు చుడుతున్నారు. నేను చెబుతున్నా చుట్టడం ఆపలేదు.

"పైడి చెప్పేసిందాండీ?" అన్నారు. "నోరు ఆగదు దానికి."

"కమిటీలో నిజం చెప్పేస్తాను సిస్టర్. నాడి చూస్తున్నారని, పైడికి రక్తం తక్కువని."

"వద్దండి." అప్పుడు ఆపారు చుట్టడం. "మెడికల్‌కి ఇంకా టైముంది. అప్పటికి సరిచేస్తాను. నాడి అని చెబితే పైడిది ఎందుకు దిగదని అడుగుతారు. ఇప్పుడే ఆ పిల్లకి రక్తం తక్కువన్న పేరు పడితే, రక్తం పెరుగుతుందేమో గానీ పేరు పోదండి. కోటాకి ముందే పక్కన పెట్టేస్తారు."

"కనీసం వాళ్ళ నాన్నకైనా..."

"రామునాయుడుగారికా? ఆయనకి పొద్దున్న తెలిస్తే మధ్యాహ్నానికి ఊరి చివర టాటీబంధ్ లారీలవాళ్ళకి కూడా తెలుస్తుంది."

"మరి మిమ్మల్ని తీసేస్తారు."

"తీసేస్తే ఆ పిల్లలు ఇంట్లో కూర్చుంటారు. అది నాకు తెలుసండి." మళ్ళీ గుడ్డ అందుకున్నారు. "నా పేషెంటు సంగతి నేను బయటికి చెప్పలేను. మీరూ చెప్పకూడదు. మీ లెక్క సంగతి మీ ఇష్టం. అందులో తప్పుంటే మీరు చెప్పుకోవచ్చు."

"నా పరువు పోతుంది కదా సిస్టర్" అన్నాను. అన్నానని రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

"పోతుందండి," అన్నారావిడ, ఇంజెక్షన్ నొప్పి పుడుతుందని చెప్పినట్టు.

కమిటీ ముందు

కమిటీ అంటే అయిదుగురు కుర్చీల్లో, రామునాయుడు గోడకి ఆనుకుని, సిస్టర్ కిటికీ దగ్గర. వర్మాజీ నా రిపోర్టు చదవబోయాడు. నేను లేచాను.

నేను ఆ రోజు సింహంలా మాట్లాడానని చాలాసార్లు చాలామందికి చెప్పాను. మీకు చెబుతున్నది నిజం. కుర్చీ పట్టుకున్నాను, రెండు వాక్యాలు చెప్పాను. ఆ రిపోర్టులో నిమిషాల లెక్క నేను కల్పించింది, రెండేళ్ళవీ. పొగరు అన్నమాట సిస్టర్ అనలేదు, నేను చేర్చాను.

వర్మాజీ రిపోర్టు మడిచి బల్ల మీద పెట్టాడు.

"నామ్ సత్యం," అన్నాడు వర్మాజీ చివరికి. "ఔర్ కామ్ కళాకార్ కా." పేరేమో సత్యం, పనేమో కళాకారుడిది అని. ఎవరూ నవ్వలేదు.

రామునాయుడు గోడ దగ్గర్నుంచి కదిలాడు. "అయితే ఏటి? దాని పాయింట్లు తగ్గినమాట అబద్దమా?"

"అది నిజమే నాయుడూ. పాయింట్లు సరిగ్గానే రాశాను."

"ఏది నిజమో ఏది అబద్దమో నువ్వే సెప్తే ఎలాగ? నువ్వు మళ్ళీ రాస్తే నాను నమ్మను."

వర్మాజీ గడ్డం గోక్కున్నాడు. ఇంకో రెండు వారాల్లో ఉక్కు కర్మాగారం ఊరి అమ్మాయిలతో మ్యాచ్ ఉంది. వాళ్ళు పొడుగు, బలం, మమ్మల్ని ఎప్పుడూ చిత్తుగా ఓడించేవాళ్ళు. ఆ మ్యాచ్ సరిగ్గా రాయండి, అది చూసి తేలుద్దాం, అప్పటిదాకా సిస్టర్ ఉంటారు అన్నాడు.

"స్టాపువాచీ నాకియ్యండి," అన్నాడు రామునాయుడు. "ఈ బాబు పక్కన నాను కూకుంతాను. నిమిషం నాను సెప్తాను, ఆయన రాస్తాడు. నాను సెప్పందే పెన్సిల్ కదపకూడదు."

అలా, సిస్టర్ని తీసేయమన్న మనిషే ఆవిణ్ణి కొలిచే గడియారం పట్టుకున్నాడు.

ఆ మ్యాచ్

ఎండ వాలినా కోర్టు ఇంకా పెనంలా ఉంది. రామునాయుడు స్టాపువాచీని రెండు చేతుల మధ్యా పట్టుకుని, విజిల్ పడితే ఆపుతూ, ఆట మొదలైతే నొక్కుతూ, ఫిట్టరు పనితనమంతా అందులో చూపించాడు. "నాలుగు," అనేవాడు. నేను నాలుగో గడిలో రాసేవాణ్ణి. "ఇంకా నాలుగే. ఎందుకు సేయి జరిపినావు?" అనేవాడు.

మొదటి సగం మనవాళ్ళు బాగా వెనకబడ్డారు. పైడి మూడు బుట్టలు వేసింది. ఆ వెంటనే సిస్టర్ పిలిచారు.

"సూడు, మళ్ళీ కూకోబెట్టీసింది," అన్నాడు రామునాయుడు పళ్ళ మధ్యనుంచి. వాచీ మటుకు వదల్లేదు.

రెండో సగం నడిమికి వచ్చేసరికి పైడి ఇంకోసారి బెంచీ మీద ఉంది. మిగతావాళ్ళు ఒకరి తరవాత ఒకరు వచ్చి మా బల్ల దగ్గర పేరు చెప్పి వెళ్తున్నారు. ఒకసారి కంటికొసతో కాకుండా తల తిప్పి చూశాను. సిస్టర్ పెదాలు కదులుతున్నాయి. అంకెలు. తెలుగులో అంకెలు.

"పదిహేను," అన్నాడు రామునాయుడు. ఎడమవైపు గడిలో రాశాను. కుడివైపు ఏమీ లేదు.

"పదహారు." ఎడమవైపు. కుడివైపు లేదు.

ఆ పొడుగమ్మాయిలు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడుతున్నారు. బంతి పడిన చోటికి అడుగు ఆలస్యంగా వస్తున్నారు. బుట్ట కింద ఎగరాల్సినప్పుడు మడమలు నేల వదలడం లేదు. మనవాళ్ళు మ్యాచ్ అప్పుడే మొదలైనట్టు పరిగెడుతున్నారు. ఈ పరుగు పోయినేడాదంతా నా ముందే జరిగింది. ప్రతి మ్యాచ్‌లోనూ జరిగింది. నేను దాన్ని తీసుకెళ్ళి ఇరవై గడుల్లో సమంగా కలిపేశాను.

"పదిహేడు," అన్నాడు. కాస్త ఆగి, మెల్లిగా, "ఏటి బాబూ, ఆల గడుల్లో ఏటీ పడ్డం నేదు," అన్నాడు.

"నువ్వు చెప్పిందే రాస్తున్నాను నాయుడూ."

"ఆలకేటయ్యింది?"

"అలిసిపోయారు."

"మరి మన గుంటలకేటి అలుపు నేదా?"

అప్పుడే పైడి మా బల్ల దగ్గరికొచ్చింది, నుదుటి మీద చెమట ఆరిపోయి ఉంది. నాన్న వైపు చూడకుండా నాకు తన నంబరు చెప్పి లోపలికి వెళ్ళింది. పద్దెనిమిదిలో ఒక బుట్ట. పంతొమ్మిదిలో ఇంకొకటి.

ఓడిపోయాం. ఒక్క బుట్ట తేడా. ఆ ఒక్క బుట్ట నా పెన్సిల్ కొసలోనే ఉందని, పాత సత్యం బాబయితే తప్పకుండా వేసేవాడని మీరు అనుకోవచ్చు. వేసేవాణ్ణి కాదు, మొత్తాల్లో నేనెప్పుడూ మోసం చెయ్యలేదు. కానీ చెయ్యి దురద పెట్టిన మాట నిజం.

షీటు ముందేసుకుని చూశాను. వంకరటింకరగా ఉంది. ఒక పక్క పై భాగం కిక్కిరిసి, కింద ఖాళీ. ఇంకో పక్క పైన ఖాళీ, కింద కిక్కిరిసి. నేను రాసినవాటిల్లో అంత వికారమైన షీటు లేదు. అవతలివాళ్ళ వైపు ఖాళీ గడులు వరసగా కనిపిస్తున్నాయి. ఎవరూ బుట్ట వెయ్యని చోట, ఎవరూ అరవని చోట, ఒక మనిషి చేసిన పని కనిపిస్తోంది.

మర్నాడు కమిటీలో రామునాయుడిని ముందు మాట్లాడమన్నారు. చాలాసేపు వేళ్ళు విరుచుకున్నాడు.

"ఆలు అలిసిపోనారు, మనోలు అలవనేదు," అన్నాడు. "ఎలాగయ్యిందో నాను సెప్పలేను. ఆవిడ మంత్రమే సదివిందో, ఏటి సేసిందో. ఈ బాబు రాస్తే నమ్మీవోణ్ణి కాదు. గడియారం నా సేతిలోనే ఉంది మరి. సిస్టరమ్మని ఉంచీయండి."

కిటికీ దగ్గర సిస్టర్ నిలబడి ఉన్నారు. ఒక్క మాటతో ఆయన సందేహం తీర్చగలరు. తీర్చలేదు. మంత్రం అన్న మాటని కూడా అలాగే మోశారు. "థాంక్సండి నాయుడుగారూ," అని నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

తరవాత

ఆ తరవాత ఇరవై ఏళ్ళలో పది పన్నెండు మంది కోచ్‌ల్ని ఈ నిమిషాల పద్ధతితో కొలిచాను. నలుగురిని అనుకోండి. ఇద్దరికి గొంతు తప్ప ఏమీ తేలలేదు, ఒకాయనకి కొంత తేలింది, ఒకాయన నన్ను కొలవనివ్వలేదు, బహుశా ఆయనే తెలివైనవాడు. పద్ధతి మంచిదే, వాడుకోండి. నిమిషాన్ని నిమిషంలోనే రాయండి, ఖాళీ గడి కనిపిస్తే దాన్ని నింపకండి. విన్న మాట విన్నంతే రాయండి, దాని ముందు మాట మీరు అతికించకండి. కోచ్ ఏం చేస్తున్నాడో తెలియకపోతే వెళ్ళి అడగండి, బెంచీ దగ్గరే ఉంటుంది. అంకెలు తేల్చలేనిది ఎంతో కొంత ఎప్పుడూ ఉంటుందని కింద ఒక వాక్యం రాయండి, రిపోర్టు ఎండిపోయినట్టున్నా సరే.

పైడి సంగతి ఆ పిల్లని అడిగే రాస్తున్నాను. పిల్లేమిటి, ఇప్పుడు ఆఫీసులో నా కుర్చీ కన్నా పెద్ద కుర్చీలో ఉంది. "రాయి బాబాయ్, అయ్య పోయినాడు గదా, ఇంకెవురికి దాపరికం," అంది.

ఆ మ్యాచ్ అయిన తరవాతి ఏడాది దాని మెడికల్ జరిగింది. పొద్దున్న వెళ్ళిన పిల్ల సాయంత్రం నాలుగున్నరకి తిన్నగా కోర్టుకే వచ్చింది. చేతిలో ఆసుపత్రి కాగితం. రక్తం ఎంతుందో అందులో రాసి ఉంది. మిగతావాళ్ళు ప్రాక్టీసు ఆపేశారు. సిస్టర్ ఆ కాగితం అందుకుని చదివారు. మడిచారు. మళ్ళీ విప్పి ఇంకోసారి చదివారు. ఆవిడ కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకోవడం నేను ఆ ఒక్కసారే చూశాను.

"బూట్లు వేసుకో," అన్నారు పైడితో.

బల్ల వెనకనుంచి నేను చెయ్యి చాపాను. రెండు సీజన్ల షీట్లలో వెతికినా దొరకని అంకె ఆ కాగితం మీద ఉంది. "ఒకసారి చూస్తానివ్వండి సిస్టర్, రాసుకుంటాను."

సిస్టర్ దాన్ని నాలుగు మడతలు పెట్టి పైడి చేతిలో పెట్టేశారు.

"మీకొద్దండి," అన్నారు. "మీరు అందంగా రాస్తారు."